శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం: చదువరుల ఇంటి నుంచి చరిత్ర పరిశోధన దాకా

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు ఇంట్లో ప్రారంభమైంది. ఇల్లు ఇచ్చిన రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు స్థాపకుల్లో ముఖ్యులు. మునగాల పరగణాకు చుట్టూ ఉన్నది నిజాం ఇలాకాయే అయినా, అది మాత్రం బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లాకు చెందేది. రెండు వైపుల తెలుగువారితోనూ సంబంధాలున్న ఆ సంస్థానం ఈ పనికి పూనుకోవడం సహజమే.

నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారు. కచేరీల్లోనూ న్యాయస్థానాల్లోనూ పారశీకం పోయి ఉర్దూ వచ్చింది గాని తెలుగుకు చోటు దక్కలేదు. పై చదువుల్లోనూ అదే పరిస్థితి. అలాంటి నగరం నడిబొడ్డున తెలుగు పేరుతో, ఒక తెలుగు కవిరాజు పేరుతో పఠనాలయం తెరవడం సాహసమే. ఆ స్ఫూర్తి త్వరలోనే పాకింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధిని గ్రంథాలయం వెలిశాయి.

అల్మారాలు సిద్ధమైనా వాటిలో పెట్టడానికి తగినన్ని కొత్త పుస్తకాలు తెలుగులో లేవు. కావ్యాలు, పురాణాలు ఉన్నాయి. దేశచరిత్ర, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం కావాలన్నవారికి ఇవ్వదగినవి అరుదు. ఈ కొరత తీర్చడానికే లక్ష్మణరావు, రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి మొదలైనవారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని హైదరాబాదులోనే స్థాపించారు. చందాదారులకు తక్కువ ధరకు పుస్తకాలు అందించే పద్ధతి పెట్టారు. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర 1907లో తొలి ప్రచురణగా వచ్చింది. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ కూడా ఈ గ్రంథమాలలోదే. 1908లో మండలి మద్రాసుకు తరలింది. లక్ష్మణరావు తరువాత ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. పాఠకుడికి పుస్తకం అందించడంతో ఆగక, లేని పుస్తకాన్ని రాయించి అచ్చువేయించడం దాకా వెళ్లడమే ఈ తరం చేసిన గొప్ప పని.

రావిచెట్టు రంగారావు 1910లో కన్నుమూశారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ నిలయానికి విరాళమిచ్చి అండగా నిలిచారు. భాషానిలయం చరిత్ర చెప్పేటప్పుడు ఆమె పేరును భర్త పేరు పక్కనే చెప్పాలి. సుల్తాన్ బజారులోని సొంత భవనం వెనుక అలాంటి దాతల ఔదార్యం ఉంది.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు అల్లరి చేసి అడ్డుకున్నారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు నడిపిన ఆ సంఘం గ్రంథాలయాలు, పఠన మందిరాలు నెలకొల్పడాన్నీ శాసనాలు, తాళపత్రాలు సేకరించడాన్నీ తన కార్యక్రమంలో చేర్చుకుంది. సభలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ 53’ ఉన్న రోజుల్లో గ్రంథాలయాలే జనం కలుసుకునే చోట్లయ్యాయి.

1923లో లక్ష్మణరావు మరణించాక ఆయన పేరనే పరిశోధక మండలి నడిచింది. ఆదిరాజు వీరభద్రరావు దానికి పాటుపడ్డారు. ఊళ్లలో గుడుల గోడల మీద, చెరువుగట్ల మీద ఉన్న రాతలను నకలు చేయించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం వెలువరించారు. కాకతీయుల కాలం నాటి గ్రామ జీవితాన్ని స్థానిక ఆధారాలతో చదవడానికి దారి అక్కడే ఏర్పడింది. దానికి ఏడాది ముందు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ కృషి అంతా ఒకే భవనంలో జరిగింది కాదు; కానీ చదివే అలవాటును, ఆధారం వెతికే అలవాటును కలిపి పెంచిన మనుషులు ఈ గ్రంథాలయోద్యమంలోంచి వచ్చినవారే.

2026 సెప్టెంబరుతో నిలయానికి 125 ఏళ్లు నిండుతాయి. పాత పత్రికల సంచికలు, ఊరి చరిత్ర పుస్తకాలు, తాతల నాటి ఉత్తరాలు, నకళ్లు ఇంట్లో ఉన్నవారు వాటిని పాత కాగితాల అంగడికి అమ్మకుండా ఇలాంటి గ్రంథాలయాలకు అప్పగించాలి.