అరజానెడు ప్రతిమ, ఛాయాచిత్రము

త్రవ్వకమున వస్తువు దొరకెననియు, కెమెరా దానిని యథాతథముగా నమోదు చేసెననియు, పిమ్మట పండితుడు తీర్పు చెప్పెననియు మన శిల్పచరిత్ర గ్రంథములు వరుసగా చెప్పుకొని పోవుచున్నవి. ఈ వరుస నాకు సరియని తోచదు. చిన్న ప్రతిమల విషయమున ఛాయాచిత్రమే పలుమారులు తీర్పరియైనది.

తొలిదశ సుపరిచితమే. ఇంగ్లండున ఛాయాచిత్రకళకు ఆద్యులలో ఒకడైన టాల్బట్ 1840 దశాబ్దమున పాట్రోక్లసు విగ్రహపు అచ్చును పలువిధముల వెలుతురులో చిత్రించెను. 1858లో లినేయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియమున మన అమరావతి శిల్పములను చిత్రించెను. శతాబ్దాంతమున కళాచరిత్రకారుడు వోల్‌ఫ్లిన్, కోణము తప్పినచో శిల్పభావమే చెడునని హెచ్చరించెను.

విచారింపవలసినది 1924 మొదలు 1931 వరకు గల కాలము. 1924 సెప్టెంబరు 20న ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రికలో భారత పురావస్తుశాఖాధిపతి సర్ జాన్ మార్షల్ హరప్పా, మొహెంజొదారో వస్తువుల చిత్రములను ప్రకటించినపుడు వాని కాలము ఇదమిత్థమని చెప్పజాలకుండెను. మరుసటి వారమే సేస్ పండితుడు, ఆ నేలను త్రవ్వినవాడు కాకున్నను, అచ్చుబొమ్మలను మాత్రమే చూచి, ఆ ముద్రికలు ఇరానులోని సూసాలో దొరకిన వానిని పోలియున్నవని వ్రాసెను. కాలనిర్ణయమునకు తరువాతి త్రవ్వకముల సాక్ష్యమే బలమైనదనుట నిజమే కాని, తలుపు తెరచినది ఛాయాచిత్రము.

తెరచిన చేయియే మరియొకచో కన్ను కప్పినది. హరప్పాలో పురావస్తుశాఖవాడైన వత్స్ వెలికిదీసిన ఎఱ్ఱని జాస్పరు మొండెము ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు. దాని దేహసౌష్ఠవమును చూచి అది గ్రీకుల ప్రభావమున పుట్టిన అర్వాచీన శిల్పమేమోయని సందేహించినవారు కలరు. మార్షల్ సైతము తొలుత విస్మయపడెను. అయితే తలను విడిగా అతికించుటకు మెడలో తొలిచిన గుంట చారిత్రకయుగ శిల్పుల పద్ధతికి చెందినది కాదనుట ఆయన ప్రబలవాదము. ఎదుటినుండి తీసిన చిత్రమున ఆ గుంట లోతు తెలియదు. నునుపైన ఉదరమే కన్నులను నిలుపును. ఇంతమాత్రమున వివాదము తీరినదని నేననను. చిత్రమును మాత్రమే చూచి వాదించుట చాలదనుచున్నాను.

1926లో మొహెంజొదారోలో దొరకిన ‘నర్తకి’ గతియు నిట్టిదే. కొలత లేని చిత్రమున నిలువెత్తు యువతివలె కనుపించు ఆ కంచుబొమ్మ ఢిల్లీ జాతీయ మ్యూజియమున 10.5 సెంటీమీటర్లు మాత్రమే యున్నది.

నేడు చిత్రములు అసంఖ్యాకముగా లభించుచున్నవి, కాని వానిని వాడుకొనుటలో శ్రద్ధ తగ్గినదనియే నా అభిప్రాయము. పాత గాజుపలకలనుండి తీసిన ప్రతులను కొలతయు, తీసిన యేడును, కోణమును తొలగించి అలంకారముగా వాడుచున్నారు. మన సంపాదకులు ఇకనైన ప్రతి చిన్న ప్రతిమ చిత్రము క్రిందను దాని యెత్తును ముద్రింతురు గాక.