తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఉష్ణ సౌఖ్యం, ఇంధన పేదరికం

ఇంట్లో ఉన్నవారిని ఉక్కపోతగానీ చలిగానీ ఇబ్బంది పెట్టని స్థితి ఉష్ణ సౌఖ్యం. అందుకు కావలసిన కరెంటు, గ్యాసు, కట్టెల ఖర్చు కుటుంబానికి అందకపోవడం ఇంధన పేదరికం. బ్రిటన్‌లో బ్రెండా బోర్డ్‌మన్ 1991లో రాసిన పుస్తకం దీనికో కొలత పెట్టింది: ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదో వంతు మించి ఖర్చుపెట్టాల్సి వస్తే అది ఇంధన పేద కుటుంబం. తర్వాతి పరిశోధనల్లో ఒక విచిత్రం తేలింది. చలికాలంలో అదనంగా సంభవించే మరణాల నిష్పత్తి మంచుదేశమైన ఫిన్లాండ్‌లో కంటే పోర్చుగల్‌లో ఎక్కువ. చలి పెద్దగా ఉండదన్న ధీమాతో పోర్చుగల్‌లో ఇళ్లను దాన్ని ఆపేలా కట్టలేదు. దక్షిణ రాయలసీమలో ఇలాంటి కథే ఎండ వైపు నుంచి నడిచింది.

1911లో ఏర్పడి 2022లో విడిపోయిన పాత చిత్తూరు జిల్లాది ఒకే వాతావరణం కాదు. కొండ కింద పల్లంలో ఉన్న తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. పడమట దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెకు చల్లటి ఊరని పేరు. ఆ పక్క కొండ మీద కడప కలెక్టర్ హార్‌స్లీ వేసవి విడిది కట్టుకోవడంతో ఏనుగు మల్లమ్మ కొండ హార్‌స్లీ హిల్స్ అయింది. క్షయరోగులకు మంచి గాలి కావాలని ఆరోగ్యవరం శానటోరియం వెలసిందీ మదనపల్లె దగ్గరే.

ఈ మంచిపేరు ఆరుబయట నీడలో పెట్టిన ఉష్ణమాపకం ఇచ్చింది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు తాకితే గానీ వాతావరణ శాఖ వడగాడ్పుగా లెక్కించదు. ఇంటి లోపల ఎంత కాగిందన్నది ఆ లెక్కలోకి రాదు. అది పైకప్పును బట్టి ఉంటుంది.

పాత మిద్దెలో దూలాలు, దంతెల మీద మందంగా మట్టి పరిచి, వాన దిగకుండా పైన చౌడు వేసేవారు. పగటి ఎండ ఆ మట్టిని దాటి కిందికి చేరేలోపే పొద్దు గుంకేది. వెలుతురుకూ పొగ పోవడానికీ గవాక్షి ఉండేది. వాన వస్తే దాన్ని మూసేవారు. పేదలకు బోదతోనో చెరకు ఆకుతోనో కప్పిన కొట్టం. చల్లదనం మాటకొస్తే కొట్టానికి సాటి లేదు. అయితే వాటిని ఊరికే తలచుకుని మురిసిపోనక్కరలేదు. ఒక్క నిప్పురవ్వతో కొట్టాల వరస మొత్తం బూడిదయ్యేది. మిద్దెకు ఏటా మట్టిపని తప్పదు, ముసురు పడితే కారుతుంది, లోపల పట్టపగలే చీకటి.

అందుకే స్లాబు ఇల్లు వస్తుందంటే జనం సంతోషించారు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత పక్కా ఇళ్ల కాలనీలు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు, 2020 చివర్లో ఊళ్లో సెంటున్నర, పట్నంలో సెంటు స్థలంలో 340 చదరపు అడుగుల ఇళ్లు వచ్చాయి. వీటితో నిప్పు భయం పోయింది, వాన భయం తగ్గింది. వేడి మాత్రం లోపలికొచ్చింది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు మధ్యాహ్నపు ఎండను మూడు గంటల్లో లోపలి ముఖానికి చేరుస్తుంది. బయట చల్లబడ్డాక కూడా రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. సరిగ్గా ఇంటిల్లిపాదీ పనుల నుంచి తిరిగొచ్చే వేళకు గది పొయ్యిలా ఉంటుంది. వెనకటికి నులకమంచం వాకిట్లోకి లాగేవారు. సెంటు స్థలంలో ఆ వాకిలే లేదు.

ఆ లోటు పూడ్చే భారం ఫ్యాను మీద పడింది. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లు దాటుతుంది. తిరుపతి కేంద్రంగా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పనిచేయడం మొదలుపెట్టిన 2000లోనే చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. తర్వాత ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం ఇచ్చారు. 2017లో సౌభాగ్య పథకం వచ్చేనాటికే ఇక్కడ కరెంటు లేని ఇల్లు అరుదు. అయినా కనెక్షన్ల లెక్కకు ఉక్కపోత కనపడదు. బోర్డ్‌మన్ పదో వంతు కొలతను బిల్లులకే వర్తింపజేస్తే దానికీ కనపడదు: బిల్లుకు భయపడి ఫ్యాను ఆపేసుకునే ఇంట్లో బిల్లు తక్కువే వస్తుంది మరి.

తెలుగువారి ఇళ్లలో సౌఖ్యాన్ని పట్టి కొలిచిన పని పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటిది. 2008 మే నుంచి జూలై దాకా హైదరాబాద్‌లోని 45 ఫ్లాట్లలో వందమందికి పైగా నివాసులను అడిగి చూస్తే, వారికి హాయిగా తోచిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైచిలుకు. 32 దాటేదాకా ఓర్చుకోగలిగారు. జాతీయ భవన నియమావళి వేసవికి చెప్పిన 23–26 డిగ్రీలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. మనవాళ్లకు ఏసీ చలి అక్కర్లేదనడానికి ఇది గట్టి ఆధారం. పై అంతస్తువారు ఎక్కువ ఇబ్బంది పడ్డారనీ ఆ అధ్యయనమే చెప్పింది. కాలనీ ఇల్లు ఒంటి అంతస్తుది కాబట్టి, అందులో ప్రతి గదీ పై అంతస్తే.

వంటింటి చరిత్ర కాస్త నయం. శనక్కాయ పొట్టు పొయ్యి, కందికట్టెల పొగ నుంచి 1999 నాటి దీపం, 2016 నాటి ఉజ్వల గ్యాసు పథకాలు, 2024లో మొదలైన ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దాకా దారి సాగింది. కానీ మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు చలికాలంలో స్నానాల నీళ్లు నేటికీ చాలా ఇళ్లలో కట్టెల మీదే కాగుతాయి. గ్యాసు వంటకే సరిపెట్టుకోవాలి.

చవకైన మార్గాలున్నాయి: స్లాబు మీద సున్నం, తెల్లటి పెంకు ముక్కలు, సగం కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యాన్లు. తెలంగాణ 2023లో చల్లటి పైకప్పుల విధానమే తెచ్చింది. దేశం మొత్తానికీ 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు గుండా ఎంత వేడి దిగవచ్చో హద్దు పెట్టింది. అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాల్లో కట్టే నివాసాలకు ఉద్దేశించింది. సెంటు అంటే 40 చదరపు మీటర్లు.