గాజా సముద్రంలో గీసిన గీత

యుద్ధంలో సామాన్యులకు జరిగిన నష్టం అనగానే మన కళ్లు ముందు మృతుల సంఖ్య కోసం వెతుకుతాయి. 2014 వేసవి గాజా యుద్ధంలో 2,251 మంది పాలస్తీనియన్లు చనిపోయారనీ, వాళ్లలో 1,462 మంది ఆయుధం పట్టని వాళ్లనీ, 551 మంది పిల్లలనీ ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం తేల్చింది. ఆ లెక్క రాసి పెట్టాల్సిందే, ఒక్క పేరు కూడా జారిపోకూడదు. అయితే కాల్పుల విరమణ నాడు లెక్కల పుస్తకం మూసేస్తారు. నష్టం మాత్రం ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది. ఎంతగా సాగుతుందో తెలియాలంటే గాజా జాలర్ల బతుకు చూడాలి. అక్కడ డెబ్బయి అయిదేళ్ల నష్టాన్ని సముద్రపు మైళ్లలో కొలవవచ్చు.

గాజా తీరంలో వేట పాతదే. కానీ ఇంతమంది దాని మీద ఆధారపడింది 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాతే. దాదాపు 80 వేల మంది ఉంటున్న చోటికి ఆ యుద్ధంలో రెండు లక్షల మంది నిర్వాసితులు వచ్చి పడ్డారు. 365 చదరపు కిలోమీటర్ల నేల, 40 కిలోమీటర్ల తీరం, అంతే వాళ్లకు మిగిలింది. జఫా రేవు నుంచి కొందరు పడవల్లోనే వచ్చారు. మజ్దల్ పట్టణం పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉన్న అల్-జూరా జాలరి పల్లె ఖాళీ అయింది. వచ్చినవాళ్లలో రైతుకు పొలంతో పాటే పనీ పోయింది. జాలరికి మాత్రం ఊరు పోయినా ఎదురుగా అదే సముద్రం ఉంది, చేతిలో పని ఉంది. సముద్రం ఒడ్డున వెలిసిన శిబిరానికి ‘షాతి’ అని పేరు. అరబ్బీలో తీరం అని అర్థం. రేషన్ పిండి మీద బతికే శిబిరాల్లో సొంత కష్టంతో తెచ్చుకునే తిండి చేప ఒక్కటే అయిన ఇళ్లు ఎన్నో. తర్వాతి నష్టాన్ని ఇక్కడి నుంచే కొలవాలి.

వాళ్ల వేటలో ముఖ్యమైనది సార్డీన్. మన తూర్పు తీరంలో కవళ్లు అనే చేపలకు దగ్గరి చుట్టం. రాత్రిపూట ‘షన్షూలా’ పడవలు బయల్దేరతాయి. వెంట వచ్చే చిన్న పడవల మీద జనరేటర్‌తో దీపాలు వెలిగిస్తారు. వెలుగుకు చేపలు గుంపుగా పైకి చేరగానే పెద్ద వలను చుట్టూ తిప్పి అడుగు బిగించి లాగుతారు. ఒడ్డుకు దగ్గర్లో, ‘హసాకా’ అనే చిన్న పడవకు అందే లోతులో ఆ గుంపులు పెద్దగా ఉండవు. బయటి నీళ్లలోకి పోవాల్సిందే. అందుకే మైలు లెక్క వాళ్లకు అన్నం లెక్క. 1967లో గాజా ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్లాక కొంతకాలం సినాయ్ తీరం దాకా వేట సాగింది. 1982లో సినాయ్ తిరిగి ఈజిప్టు చేతికి వెళ్లాక ఆ దారి మూసుకుపోయింది. ఇజ్రాయెల్, పాలస్తీనా నేతల మధ్య 1994లో కుదిరిన ఒప్పందం జాలర్లకు 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు, ఇస్తానంది. 2002లో ఆ హద్దు 12 మైళ్లకు దిగింది. 2006 తర్వాత 6 అయింది. 2009 జనవరిలో 3 మైళ్లు, అయిదున్నర కిలోమీటర్లు. తొంభైల చివర దాదాపు పది వేలున్న నమోదైన జాలర్ల సంఖ్య 2017 నాటికి నాలుగు వేలకు పడిపోయింది. దీనికి తోడు కరెంటు లేక శుద్ధి కేంద్రాలు నడవక 2018 నాటికి రోజుకు సుమారు పది కోట్ల లీటర్ల మురుగు నేరుగానో అరకొర శుద్ధితోనో ఆ మూడు, ఆరు మైళ్ల నీళ్లలోకే చేరింది.

ఈ హద్దులకు ఇజ్రాయెల్ చెప్పే భద్రత కారణాన్ని తోసిపారేయలేం. 2002లో ఎర్ర సముద్రంలో పట్టుబడిన ‘కరీన్ ఎ’ ఓడలో 50 టన్నుల ఆయుధాలు దొరికాయి. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో పాల్గొన్నవాళ్లలో కొందరు ఇజ్రాయెల్‌లోని జికిం బీచ్‌కు సముద్రం మీదుగానే వచ్చారు. ఆ రోజు ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఇది నేరం. ఇందులో సందేహానికి తావు లేదు. గాజాకు నౌకా దిగ్బంధం చట్టబద్ధమేనని 2011లో ఐక్యరాజ్యసమితి నియమించిన పామర్ కమిటీ కూడా అంది, ఐరాస మానవ హక్కుల నిపుణులు దాన్ని అంగీకరించలేదు. సరే, ఓడను ఆపి సోదా చేసే హక్కు ఉందనే అనుకుందాం. మరి 2019 జూన్‌లోనూ 2020 ఆగస్టులోనూ గాజా నుంచి నిప్పు బెలూన్లు ఎగరేశారని సముద్రాన్ని పూర్తిగా మూసేశారే, బెలూన్‌కూ వలకూ ఏమిటి సంబంధం? కొన్నాళ్లు శాంతంగా ఉంటే మైళ్లు పెంచడం, లేకపోతే తగ్గించడం కాపలా అనిపించుకోదు. ఎవరో చేసినదానికి ఇంకెవరి నోటి దగ్గరి కూడో లాక్కోవడం అది. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణం సామూహిక శిక్షను నిషేధించింది సరిగ్గా ఇలాంటి చోట్ల కోసమే. తప్పంతా హమాస్‌ది అనేవాళ్లున్నారు. వాళ్ల తప్పును తూచడానికి వాళ్లను తూచాలి. జాలరి కంచంలోది తీసి ఎందుకు తూచాలో ఆ వాదన చెప్పదు.

ఈ రెండు లెక్కలూ, చావుదీ బతుకుదీ, ఒకే ఇంట్లో కలిసిన సందర్భం ఉంది. 2014 జూలై 16న రేవు దగ్గర బీచ్‌లో ఇజ్రాయెల్ దాడికి చనిపోయిన నలుగురు పిల్లలు ఓ జాలరి కుటుంబం వాళ్లు. ఆ నాలుగు పేర్లు మొదటి లెక్కలో ఉన్నాయి. ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఏ పడవ మీద, ఎన్ని మైళ్లు వెళ్లి బతకాలన్నది ఏ లెక్కలోనూ లేదు.

2023 అక్టోబర్ నుంచి సముద్రం పూర్తిగా నిషేధం. రేవులో పడవలు చాలా వరకు ధ్వంసమయ్యాయి. తర్వాతి ఆరేడు నెలల్లో రోజూ ఒడ్డుకు చేరిన చేప 2022లో చేరినదానిలో పదో వంతు కూడా లేదు. 2025 ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఉందని ఐరాస సంస్థలు పాలుపంచుకునే ఆహార భద్రత బృందం ప్రకటించింది. ఒకవైపు పొడవునా సముద్రం ఉన్న ఊళ్లో కరువు. ఆ రోజుల్లోనూ కొందరు నీళ్లలోకి దిగారు. కరెంటు లేక పనికిరాని ఫ్రిజ్‌ల తలుపులు ఊడదీసి, వాటినే తెప్పలుగా చేసుకుని, ఒడ్డు దాటి ఎక్కువ దూరం పోకుండా వల వేశారు.