తుది ఘడియల్లో పాట: కృష్ణా దిగువ డెల్టా ఆచారం

ఇక మందు పనిచేయదని తేలిన మనిషి చెవిన దేవుడి పేరు పడేలా చూడటం కృష్ణా దిగువ డెల్టాలో పాత ఆచారం. బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో ప్రాణం మీదికొచ్చిన మనిషిని మంచం దించి, నోట్లో తులసితీర్థం పోసి, కుడిచెవిలో నారాయణ నామం చెప్పేవారు. రోజులు పట్టే జబ్బయితే ఇంట్లోవాళ్లో, పద్యం నోటికి వచ్చిన పొరుగువాళ్లో పక్కన కూర్చుని పోతన భాగవతం చదివేవారు. ఎక్కువగా గజేంద్రమోక్షమే. ఈ పఠనానికి మూలం భాగవతంలోనే ఉంది. ఏడు రోజుల్లో చావు తప్పదని తెలిసిన పరీక్షిత్తు గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట విన్న కథ అది. ఎవరి కోసం చెప్పారో ఆ మనిషి బతికుండగానే విన్న కథ. డెల్టాలో ఈ ఆచారం తర్వాత ఎలా మారిందో తెలియాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

చదువు రాని ఇళ్లలో ఆ పని భజన చేసేది. కూచిపూడి, మువ్వ ఉన్న సీమ కావడంతో నారాయణతీర్థుల తరంగాలు పండితుల దగ్గరే ఆగిపోలేదు, రామమందిరాల అరుగుల దాకా వచ్చాయి. బందరు పక్క చిలకలపూడిలో భక్త నరసింహం 1929లో కట్టించిన పాండురంగస్వామి గుడితో మరాఠీ పద్ధతి నామభజన కూడా ఇక్కడ బలపడింది. భజన జట్టులో ఒకరు మంచాన పడితే తక్కినవాళ్లు తాళాలు, హార్మోనియం పట్టుకుని వాళ్లింటికే వెళ్లేవారు. ఆ మనిషి ఏ కీర్తన ఎత్తుకునేవాడో, ఏ చరణం దగ్గర గొంతు పెంచేవాడో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఆచారంలో అన్నిటికన్నా విలువైనది ఆ పరిచయమే.

రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరాక ఇక్కడ చర్చ్ మిషనరీ సొసైటీ పని మొదలైంది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో రోగి పక్కన ప్రార్థనతోపాటు పాడేందుకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వచ్చాయి. పురుషోత్తమ చౌదరి వంటివారు వాటిని కర్ణాటక రాగాల్లో కట్టడంతో అవి పరాయిగా వినిపించలేదు. ముస్లింల ఇళ్లలో యాసీన్ సూరా పఠిస్తారు.

ప్రాణం పోయాక పాడేవాళ్లు వేరు. శంఖం, జేగంటలతో దాసరులు, జంగాలు వచ్చేవారు. శవజాగారంలో తంబుర మీద తత్వాలు సాగేవి. అది ఉన్నవాళ్లను ఊరడించే పాట. ముందరిది పోయే మనిషి కోసం, తరవాతిది మిగిలినవాళ్ల కోసం. ఈ రెంటి మధ్య గీత చెరిగిపోవడానికి కారణమైన గొంతు కూడా ఈ డెల్టాదే.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. పిల్లవాడు వాటికి నాట్యం చేసేవాడు. కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలన్నది అవసానంలో ఆ తండ్రి కోరిక. ఆ కోరికే ఘంటసాలను విజయనగరం సంగీత కళాశాల దాకా నడిపించి, మధుకరం (ఇంటింటి భిక్ష) ఎత్తుకుంటూ చదువుకునేలా చేసింది. గుండెజబ్బు, చక్కెరవ్యాధి పీడిస్తుండగా చివరి రోజుల్లో ఆయన భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో పాడారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ తర్వాతే హెచ్.ఎం.వి. ఆ రికార్డును విడుదల చేసింది.

క్యాసెట్లు వచ్చాక ఆ భగవద్గీత చావింటి పాటయింది. అరుగు మీద టేప్‌రికార్డరు, తర్వాత ఫ్రీజర్ బాక్సు పక్కన స్పీకరు, ఇప్పుడు వైకుంఠరథం మీది మైకు: ఎక్కడైనా అదే గొంతు. భజన జట్టును పిలవాల్సిన పని తగ్గింది. మనిషిని బట్టి మారే పాట పోయి అందరికీ ఒకే పాట మిగిలింది. అదీ ప్రాణం పోయాక. జీవితాన్ని గురించి చెప్పే గ్రంథానికి ఇది అన్యాయమే. మామూలు రోజుల్లో ఇంట్లో ఆ రికార్డు పెట్టడానికి జంకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పోయే మనిషి కోసం పాట అన్న ఆలోచన మరోవైపు వైద్యంలోకి వచ్చింది. సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరవడంతో ఆధునిక హాస్పీస్ (తుదిరోజుల రోగుల సంరక్షణ) ఉద్యమం మొదలైంది. కెనడాలోని మాంట్రియల్ రాయల్ విక్టోరియా ఆసుపత్రి అనుభవంతో సుసాన్ మన్రో, బాల్ఫర్ మౌంట్ 1978లో రాసిన వ్యాసం ఉపశమన వైద్యంలో సంగీతానికి చోటు చూపించింది. మన దేశంలో ముంబయి శాంతి అవేదన సదన్ 1986లో, హైదరాబాదులో స్పర్శ్ హాస్పీస్ 2011లో మొదలయ్యాయి. కాశీలోని ముక్తిభవన్‌లో 1958 నుంచి చావు కోసం వచ్చిన వాళ్లకు భజన వినిపిస్తున్నారు. పలకని రోగులకూ వినికిడి ఉండవచ్చని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రచురించిన పరిశోధన చూపింది: స్పృహ తప్పిన హాస్పీస్ రోగుల్లో కొందరి మెదడు శబ్దానికి స్పందించింది.

ఇలా రోగికి పాట వినిపించే పద్ధతిలో మొదటి పని ఆ మనిషి పాటేదో కనుక్కోవడం. పదిహేను, ఇరవై ఐదేళ్ల వయసు మధ్య విన్నవి చాలామందికి బాగా నిలుస్తాయి. ఈ డెల్టాలో ఎనభై దాటిన మనిషికి అవి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటక పద్యాలు కావచ్చు, ఘంటసాల పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం కావచ్చు. ఆయన భగవద్గీత మాత్రం అడగకుండా పెట్టకూడదు; కబురు వచ్చేసిందని రోగి బెదిరిపోతాడు.

రంగస్థల పద్యం మంచం పక్కన పాడాలంటే పద్ధతి మారాలి. చివరి రాగం సాగదీయకుండా, హార్మోనియం తిత్తి మెల్లగా నొక్కుతూ, ముందు రోగి ఊపిరి వేగానికి దగ్గరగా అందుకుని క్రమంగా నెమ్మదించాలి. నుదురు ముడిపడినా, చెయ్యి చిరాకుగా కదిలినా ఆపాలి. ఇంట్లో ఫోనులో వినిపించేటప్పుడూ ఇవే జాగ్రత్తలు: దిండు పక్కన, తక్కువ ధ్వనిలో, రెండు మూడు పాటలు, మధ్యలో కాసేపు విరామం. ఆయాసం ఎక్కువైనప్పుడు మాటలున్న పాట కన్నా వేణువో, ఒట్టి తంబుర శ్రుతో నయం.