రాతి శాసనము నుండి క్రయపత్రము వరకు
(కుందలహళ్ళి పరిసరముల భూమి కథ)

కుందలహళ్ళికి నేడు వచ్చువారికి ఎత్తైన మేడలును, కార్యాలయములును, 2023 మార్చి నెలలో తెరువబడిన మెట్రో స్టేషనును ముందుగా కనబడును. ఇచ్చటి నేల మొన్న మొన్నటివరకు పొలము, తోపు, చెరువుగట్టు. మనలో పెక్కురము ఇచ్చట ఇల్లు కొని స్థిరపడినవారము. కొన్ననాడు చేతికి వచ్చిన క్రయపత్రమును బీరువాలో భద్రపరచితిమే కాని, దానిని మొదటినుండి చివరివరకు చదివినవారము కొందరమే. ఆ పత్రములోని మాటలు ఎచ్చటినుండి వచ్చినవో, ఈ సీమలో భూమి ఏ విధమున చేతులు మారినదో పాఠకులకు విన్నవించుట మా యుద్దేశము.

ఈ ప్రాంతపు మొదటి దస్తావేజులు రాళ్ళు. బెంగుళూరులోనే జన్మించిన బి. ఎల్. రైసు దొర మైసూరు రాజ్యపు శాసనములను సేకరించి ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ అను సంపుటములుగా ప్రకటించెను. అందు బెంగుళూరు జిల్లాకు తొమ్మిదవ సంపుటమును, కోలారు జిల్లాకు పదవ సంపుటమును కేటాయింపబడినవి. మనకు కొద్ది మైళ్ళ దూరముననున్న విభూతిపురములో హొయసల మూడవ బల్లాళుని కాలపు శాసనమొకటి కలదు. అది 1307 నాటిది. అడవిని నరికి, నేలను చదునుచేసి, చెరువు కట్టి, ఊరు నిలిపిన సంగతి అందు చెప్పబడినది. అనగా ఈ సీమలో భూమికి హక్కు మొదట శ్రమవలన కలిగినది. చెరువు కట్టినవానికి, దానిని బాగుచేయుచుండువానికి మాన్యము నిచ్చు ఆచారమును కన్నడమున ‘కొడగి’ యనిరి. మన రాయలసీమలో అట్టిదానినే ‘దశబంధము’ అనిరి. పేర్లు వేరు, ధర్మమొక్కటే. నీరు నిలిపినవానికే నేల.

విజయనగర కాలపు దానశాసనములలో ఇచ్చిన భూమిని అష్టభోగ తేజస్స్వామ్యములతో ఇచ్చినట్లు వ్రాయుట పరిపాటి. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అనునవి ఆ యెనిమిది భోగములు. భూమిలో దాగిన ధనము మొదలు, ఇకముందు ఆ నేలపై సాధింపదగిన ఫలము వరకు అన్నియు అందు చేరినవి. పిమ్మట నాలుగు దిక్కుల ఎల్లలు, పుత్రపౌత్ర పారంపర్యముగా ననుభవించు హక్కు, కడపట దానమును హరించువానికి శాపము. మన తాతల నాటి క్రయపత్రములలోను ఈ మాటలు పెక్కు మిగిలియుండెను. శాపము మాత్రము పోయి, దాని స్థానమున స్టాంపు కాగితము వచ్చినది.

ఒక్కొక్క మడియే కాదు, ఒకప్పుడు బెంగుళూరంతయు బేరమునకు వచ్చెను. 1537లో కెంపెగౌడ కట్టించిన ఈ నగరము 1638లో బిజాపురము వశమయ్యెను. తరువాత తంజావూరు నేలిన ఏకోజీ దీనిని మూడు లక్షల రూపాయలకు మైసూరు చిక్కదేవరాయలకు అమ్మ నిశ్చయించెను. బేరము ముగియకమునుపే 1687లో మొగలు సేనాని కాసింఖాను నగరమును పట్టుకొనెను. కడకు ఆ మూడు లక్షలకే అది చిక్కదేవరాయలకు దక్కెను. ఆ సొమ్ముతో నేడిచ్చట ఒక గది గడప కూడ రాదు. కెంపెగౌడ పేరిట ‘గంగాగౌరీ విలాసము’ అను తెలుగు యక్షగానము ప్రసిద్ధమైయున్నది. కావున ఈ నేలకు తెలుగు నిన్న వచ్చిన బాష కాదు.

మన పొరుగుననున్న వైట్‌ఫీల్డు కథ వేరొక తీరుది. 1881లో మైసూరు రాజ్యము ఆంగ్లేయులనుండి తిరిగి రాజవంశమునకు వచ్చినది. మరుసటి యేడు చామరాజ ఒడెయరు మహారాజు ఆంగ్లో ఇండియనుల సంఘమునకు 3,900 ఎకరములు, అనగా సుమారు ఆరు చదరపు మైళ్ళు, ప్రసాదించెను. ఆ సంఘమునకు నాయకుడైన వైటు దొర పేరే ఊరికి నిలిచినది. సేద్యముచేసి స్వతంత్రముగా బ్రతుకవలెనని వారి యాశ. గుండ్రని బాటలతో ఊరు కట్టుకొనిరి. 1947 పిమ్మట వారి సంతతిలో పలువురు ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములకు వలసపోయిరి. ఇచ్చిన రాజును లేడు, పుచ్చుకొన్న వారిలో పెక్కురును లేరు. ఆ గుండ్రని బాట మాత్రము నేటికిని ఉన్నది.

1863లో మైసూరున సర్వే మొదలైన పిమ్మట ప్రతి పొలమునకు అంకె వచ్చినది. లెక్కలు శానుభోగుల చేతిలో ఉండెడివి. మన కరణముల వంటివారే వారు. 1954, 1955 సంవత్సరముల చట్టములవలన ఇనాములు రద్దయినవి. 1961 నాటి చట్టముతో వంశపారంపర్య గ్రామోద్యోగములు తొలగినవి. 1974 మార్చి 1వ తేదీన కౌలుభూములు ప్రభుత్వమునకు చెంది, సాగుచేయువారికి హక్కు కోరు అవకాశము కలిగినది. నేడొక స్థలము కొనువారు మూలపత్రములు చూచునపుడు ఈ తేదీల నన్నిటిని దాటి రావలెను. ఎచ్చట నొక గొలుసు కడ్డి తెగినను, చిక్కు అచ్చటనే పుట్టును.

మే మెరిగిన ఒక తెలుగు కుటుంబము ఇట్లే నష్టపోయినది. పత్రము కన్నడమున నుండెను. మధ్యవర్తి మాట నమ్మి సంతకము చేసిరి. ఉత్తరపు హద్దు ‘రాజకాలువె’ అని అందు స్పష్టముగానే వ్రాసియుండెను. వాననీరు పోవు ఆ కాలువపైకి తమ గోడ జరిగియున్నదని ఎన్నో ఏండ్లకు, కొలతలవారు వచ్చి ఎర్రగీత గీసిననాడు తెలిసినది. మోసపుచ్చినది కాగితము కాదు. కాగితము నిజమే చెప్పినది, చదువువారు లేకపోయిరి.

కన్నడ, తెలుగు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దములపాటు రెండు భాషలును ఒకే లిపిలో వ్రాయబడినవి. మనవారు పది దినములు శ్రద్ధ వహించినచో కన్నడ అక్షరములు పట్టువడును. ‘చక్కుబంది’ అని అందున్నచో అది మన చెక్కుబందీయే. ‘క్రయపత్ర’ అన్నచో మన క్రయపత్రమే. కావున ఈ సంచికను చదివిన ప్రతి కుటుంబము ఒక ఆదివారమున బీరువా తెరచి, తమ పత్రమును పిల్లలచేత బిగ్గరగా చదివించి, నాలుగు హద్దులను కాలినడకన చూచి రావలెనని మా మనవి. అందు చెరువో, కాలువయో కనబడినచో దానిని కాపాడుట మన పని. ఈ సీమలో నేలకు హక్కు పుట్టినది నీరు నిలిపినందుకే గదా.