క్వెట్టాలో నిలిచిన ఇండ్లు

1935 మే 31వ తేదీ తెల్లవారక పూర్వమే, జనులు గాఢనిద్రలో నుండగా, బెలూచిస్తానులోని క్వెట్టా పట్టణము భూకంపమునకు నేలమట్టమయ్యెను. ముప్పది వేలకు పైగా ప్రాణములు పోయినవి. కాని రైల్వే ఉద్యోగులకై కొత్తగా కట్టిన కొన్ని ఇండ్లు మాత్రము చెక్కు చెదరలేదు. కారణమేమి?

క్వెట్టాకు పశ్చిమమున చమన్ భ్రంశము వందల కిలోమీటర్ల పొడవున సాగియున్నది. భూమి పైపొరలోని పగులు వెంట శిలలు జారినచో దానిని భ్రంశమందురు. ఇచ్చట భారత ఫలకము యురేషియా ఫలకమును ఒరసికొనుచు ఉత్తరమునకు జరుగుచున్నది. ఘర్షణవలన శిలలు కదలక పట్టుకొని, ఏండ్ల తరబడి ఒత్తిడి కూడి, ఒకనాడు హఠాత్తుగా జారును. అప్పుడు పుట్టు తరంగములే భూకంపము.

1931 ఆగస్టులో సమీపమునందలి మాచ్ వద్ద తీవ్ర భూకంపము కలిగెను. పిదప నార్త్ వెస్టర్న్ రైల్వేలోని ఎస్. ఎల్. కుమార్ అను యువ ఇంజనీరునకు భూకంపమునకు ఓర్చు ఇండ్లను రూపొందించు పని అప్పగింపబడినది. నేల అదరినప్పుడు కట్టడము జడత్వముచేత వెనుకబడును. ఎంత బరువైనదో అంత బలము దానిపై అడ్డముగా పనిచేయును. ఆ బలము కట్టడపు బరువులో పదవ వంతు ఉండవచ్చునని కుమార్ లెక్కవేసెను. రైలు పట్టాలను నిలువు స్తంభములుగా నిలిపి, వాటి నడుమ ఇటుక గోడలు కట్టించెను. 1933లో ప్రకటించిన వ్యాసములో, ఏ ప్రాంతమునకు ఎంత అపాయమో తెలుపుచు దేశపటమును మండలములుగా విభజించి చూపెను.

రెండేండ్లకే పరీక్ష వచ్చెను. బరువైన కప్పులతో, మట్టి అడుసుతో కట్టిన ఇండ్లు కూలినవి. పట్టాల ఇండ్లు నిలిచినవి.

క్వెట్టా పురపాలక సంఘము 1937లో కట్టడములకు నియమావళిని విధించెను. గోడలోపల గూళ్లు విడిచి, వాటిలో ఉక్కు కడ్డీలు నిలిపి, కాంక్రీటు నింపు పద్ధతికి ‘క్వెట్టా బంధము’ అని పేరు వచ్చినది. స్వతంత్ర భారతమున ఇట్టి జాతీయ ప్రమాణము 1962లో వెలువడెను.

కావున భ్రంశము చెంత ఇంటికి గల అపాయమును కొలుచుటకు మూడు ప్రశ్నలు వేయవలెను. భ్రంశము ఎంత దూరము? పునాది క్రింద గట్టి రాయి యున్నదా, మెత్తని ఒండ్రు మట్టి యున్నదా? ఇల్లు అడ్డపు ఊపును ఓర్చునా? మొదటి రెండును ప్రకృతి చేతిలోనివి. మూడవది మన చేతిలోనిది. క్వెట్టాలో ఒకే రాత్రి, ఒకే పట్టణములో, ఆ మూడవదియే బ్రదుకునకును చావునకును నడుమ గోడయై నిలిచినది.