కండరము చేయు కాపలా



సప్తధాతువులలో మాంసము మూడవదని మన వైద్యశాస్త్రము చెప్పుచున్నది. నాగలి పట్టుటకును, మూట మోయుటకును మాత్రమే కండరము లున్నవని చిరకాలము తలంచితిమి. రక్తమందలి పొటాసియమను లవణమును అదుపున నుంచుటయు వాని పనియే యని గడచిన నూఱేండ్లలో తేలినది. ఈ చరిత్రలో ఒక తెలుగువానికిని పాలు కలదు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసున వైద్యము చదివి, అమెరికా కేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ గారితో కలసి పరిశోధించిరి. కండరములనుండి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వెలికిఁ దీసిరి. ఈ రెండవదానిని ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ గారు వేఱుగాఁ గనుగొనిరి. జీవకణమునకు ఇది వంటచెఱకు వంటిది.

1930ల దశాబ్దమున వాలస్ ఫెన్ గారు, కండరము పనిచేయునపుడు పొటాసియము వెలికి వచ్చి, విశ్రాంతివేళ మరల లోనికిఁ బోవునని చూపిరి. లోనికిఁ జేర్చు సాధనమేది? 1957లో డెన్మార్కు దేశీయుఁడగు యెన్స్ స్కౌ గారు పీతకాళ్ల నరములలో దాని జాడ పట్టిరి. మూడు పాళ్లు సోడియమును వెలికిఁ ద్రోసి, రెండు పాళ్లు పొటాసియమును లోనికిఁ దోడు ఏతమది. దానిని నడపు శక్తి ఆ 1929 నాఁటి పదార్థమే. స్కౌ గారికి 1997లో నోబెల్ బహుమానము లభించినది. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి.

ఈ ఏతము మనకేల? దేహమందలి పొటాసియములో నూటికి 98 పాళ్లు కణములలోనే యుండును. అందు అధికభాగము కండరములది. వెలుపల రక్తాదిద్రవములలో నున్నది రెండు మూడు గ్రాములే. ఒకదినపు భోజనములో వచ్చునదియు ఇంచుమించు అంతే. అదంతయు రక్తముననే నిలిచినచో గుండె లయ తప్పును. మూత్రపిండములు దానిని వెడలించుటకుఁ గొన్ని గంటలు పట్టును. అంతవఱకు ఇన్సులిన్ ప్రేరణచేఁ గండరములు దానిని గాదెలో ధాన్యమువలె దాఁచును. కఱవు వచ్చినపుడు తమ నిల్వనుండి రక్తమున కిచ్చును.

అంగలకుదురు పెద్దలారా! వయసు మీఱుటచేతను, మంచము పట్టుటచేతను కండ తఱిగినచో ఈ గాదెయుఁ దఱుగును. కావున శక్తికొలది నడచుట మేలు. అరటిపండు, కొబ్బరినీరు ఆరోగ్యవంతులకు మంచివే. మూత్రపిండములు చెడినవారు మాత్రము వైద్యు నడుగక వానిని పుచ్చుకొనరాదు. గాదె నిండుగా నున్నను, కాలువ పూడినచో చేను మునుఁగును గదా!